సాల్వడార్‌కి వెళ్ళే ముందు: నా అనుభవం

బ్రెజిల్ వెళ్తున్నాం అని చెప్పగానే చుట్టాలూ స్నేహితులూ అడిగిన మాట ఒకటే, "రియోకేనా?" అని. కాదు, సాల్వడార్‌కి అంటే, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అనే దేశం ఉంది కదా, అక్కడికి కాబోలు అనుకున్నారు కొందరు. మేం వెళ్ళాలనుకున్నది బ్రెజిల్ ఈశాన్య తీరంలో, బహియా రాష్ట్రానికి రాజధాని అయిన సాల్వడార్‌కి. 1549లో పోర్చుగీసువాళ్ళు కట్టిన నగరం అది. 1763 దాకా బ్రెజిల్ మొత్తానికీ అదే రాజధాని. నేను కనుక్కున్న టూర్ ప్యాకేజీల్లో ఎక్కడా ఈ ఊరి పేరు లేదు. రియో, ఇగ్వాసు జలపాతం, వీలైతే అమెజాన్, అంతే. అందుకని మొదటినుంచీ అన్నీ మేమే చూసుకోవాల్సి వచ్చింది. అలా తెలుసుకున్నవి ఇంకెవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

ఈ ఊరే ఎందుకో ముందు చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస ఒకే తోటలో కలిసి పెరిగే నేల. పలాస జీడిపప్పు అంటే తెలియని తెలుగువాళ్ళుండరు, కానీ జీడిచెట్టు పుట్టిల్లు ఈశాన్య బ్రెజిల్ తీరం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు దాన్ని మన దేశానికి తెచ్చారు. మన పనస, మన మామిడి అదే ఓడల దారిన అటు వెళ్ళాయి. ఈరోజు బహియాలో పనసచెట్టు లేని పల్లె ఉండదంటే అతిశయోక్తి కాదు. మా అక్క డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైంది. 1500లో పోర్చుగీసు నావికుడు కబ్రాల్ నౌకాదళం కాలికట్‌కి బయల్దేరి, దారిలో ఏప్రిల్ 22న ఇప్పటి దక్షిణ బహియా తీరాన్ని తాకి, అక్కణ్ణుంచి మళ్ళీ మన మలబారు తీరానికి వచ్చిందని ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పింది. ఆ తీరం కళ్ళారా చూడాలన్న కోరిక ఆమెది.

ఇక దాన్ని ఖాయం చేసింది గాంధీగారు. సాల్వడార్‌లో, కార్నివాల్ అనే పెద్ద వీధి పండగలో ఊరేగే 'ఫిల్యోస్ డి గాంధీ' అని ఒక బృందం ఉంది. గాంధీ బిడ్డలు అన్నమాట. 1949లో, గాంధీజీ హత్య జరిగిన మరుసటి ఏడాది, అక్కడి రేవులో పనిచేసే నల్లజాతి కూలీలు శాంతి పేరున దాన్ని మొదలుపెట్టారు. తెల్లని బట్టలు, తెల్ల తలపాగా, మెడలో నీలం తెలుపు పూసల దండలు వేసుకుని, వేల సంఖ్యలో మగవాళ్ళు ఊరేగుతారు. ఆ వీడియో చూపిస్తే అక్క ఫోను నా చేతుల్లోంచి లాక్కుంది. "ఏటే, మన గాంధీగారి పేరు రేవు కూలీలు పెట్టుకున్నారా? అంత దూరంలోన?" అని మళ్ళీ మళ్ళీ చూసింది. చదువుకున్న మనిషే అయినా, సంబరం వస్తే ఆమె నోట మా ఊరి మాటే వస్తుంది. ఆ రాత్రే వెళ్దామని తేల్చేసుకున్నాం.

మామూలుగా మనం ప్రయాణం అనుకోగానే టికెట్ల ధరలు చూస్తాం. సాల్వడార్ విషయంలో అది ఆఖరున చెయ్యాల్సిన పని. ముందు వాన చూడాలి, తర్వాత టీకా, తర్వాత వీసా. ఈ వరస తప్పితే ఏదో ఒకటి అడ్డం పడుతుంది.

వాన సంగతి. సాల్వడార్ భూమధ్యరేఖకి దక్షిణాన 13 డిగ్రీల దగ్గరుంది. ఏడాది పొడుగునా ఎండ తీరు పెద్దగా మారదు, మారేది వానే. ఏప్రిల్ నుంచి జూలై దాకా అక్కడ వానలు గట్టిగా పడతాయి, మే నెలలో మరీను. అంటే మనకి వేసవి సెలవులున్నప్పుడే అక్కడ వానాకాలం. ఇద్దరం ఉద్యోగస్తులమైతే మేలోనే వెళ్ళేవాళ్ళమేమో. అక్క రిటైరైంది కాబట్టి, నాకు దసరా తర్వాత సెలవు దొరుకుతుంది కాబట్టి, అక్టోబరు చివర అనుకున్నాం. సెప్టెంబరు నుంచి వానలు తగ్గి, ఎండ నిలకడగా ఉంటుంది. అక్టోబరు చివర మిట్టమధ్యాహ్నం అక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, కాబట్టి గొడుగు, టోపీ తప్పనిసరి. ఇంకో సంగతి: ఆ రోజుల్లో పొద్దున ఐదింటికల్లా తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదున్నరకి పొద్దుగూకిపోతుంది. ఇది చూశాకే మా రోజువారీ ప్లాన్ మొత్తం ముందుకి జరిపి, ఆరింటికే బయటపడేలా రాసుకున్నాం. హోటల్లో తొమ్మిదింటికి టిఫిను చేసి బయల్దేరితే సగం పగలు పోయినట్టే.

పండగల రోజులు కూడా ఆలోచించాం. జనవరిలో బోన్‌ఫిమ్ చర్చి మెట్లు కడిగే ఉత్సవం ఉంటుంది. తెల్లని లేసు బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు సుగంధపు నీళ్ళ కుండలు మోసుకుంటూ, దిగువ ఊరి చర్చి నుంచి కిలోమీటర్ల కొద్దీ నడిచి వెళ్తారు. ఫిబ్రవరి 2న రియో వెర్మెల్యో పేట తీరంలో సముద్రపు తల్లి యెమంజాకి పూలు, అత్తర్లు పడవల్లో తీసుకెళ్ళి వదులుతారు. ఆ తర్వాత కార్నివాల్. ఫిల్యోస్ డి గాంధీ ఊరేగింపు చూడాలంటే కార్నివాల్‌కే వెళ్ళాలి, అక్కకి అదే మనసులో ఉంది. కానీ ఆ వారం గది అద్దెలు చుక్కల్లో ఉంటాయి, రోడ్లు ఇసకేస్తే రాలనంత జనం, రాత్రంతా మోత. అరవై దాటిన మనిషిని ఆ తొక్కిసలాటలోకి తీసుకెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. పాత ఊరు పెలోరిన్యోలో ఆ బృందం కార్యాలయం ఉంది, అది చూద్దామంటే సరేనంది.

ఇప్పుడు టీకా. నా దృష్టిలో ఈ ప్రయాణానికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, చాలామంది ఆఖరి వారం దాకా పట్టించుకోనిదీ ఇదే. బ్రెజిల్‌లో యెల్లో ఫీవర్ ఉంది. మన దేశంలో ఆ జబ్బు లేదు, కానీ దాన్ని మోసే ఏడిస్ దోమ మాత్రం మన ఇంటింటా ఉంది. డెంగీ తెచ్చేది అదే. ఒక్క రోగి ద్వారా వైరస్ ఇక్కడికొస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందుకే బ్రెజిల్ లాంటి దేశాల నుంచి వచ్చేవాళ్ళ దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే, మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. వెళ్ళేటప్పుడు కాదు, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు వచ్చే చిక్కు అది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది, 2016 నుంచి ఆ నియమం ఉంది.

ఈ టీకా ప్రతి ఆస్పత్రిలోనూ దొరకదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ అలాంటివి. ఒక సీసాలో చాలామందికి సరిపడే మందు ఉంటుంది, మూత తీశాక కొద్ది గంటల్లోనే వాడెయ్యాలి. అందుకని కొన్ని రోజులే, జనాన్ని కూడగట్టి వేస్తారు. ముందే కనుక్కుని పాస్‌పోర్టుతో వెళ్ళాలి.

నాకు టెన్షన్ అంతా అక్క గురించే. ఇది బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసే టీకా, కోడిగుడ్ల పిండాల్లో పెంచుతారు. గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్ళకీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళకీ, థైమస్ గ్రంథి జబ్బున్నవాళ్ళకీ వెయ్యరు. అరవై దాటినవాళ్ళు మొదటిసారి వేయించుకుంటే తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. చాలా అరుదే అయినా, అరుదు అన్న మాటతో అక్క విషయంలో నాకు ధైర్యం రాలేదు. ఆమె బీపీ చూసే డాక్టర్‌గారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన ఆమె మందుల చీటీలన్నీ తిరగేసి, పాత జబ్బులన్నీ అడిగి, తీరిగ్గా మాట్లాడి, వేయించుకోవచ్చని రాసిచ్చారు. ఒకవేళ వద్దంటే బ్రెజిల్ ఊసే ఎత్తకూడదని ముందే అనుకున్నాం. అందుకే టికెట్లకన్నా ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటాను. టీకా తర్వాత అక్కకి ఒళ్ళునొప్పులు, కాస్త వెచ్చదనం వచ్చి తగ్గిపోయాయి. నాకైతే చెయ్యి నొప్పే. పసుపురంగు కార్డు చేతికొచ్చాక అందులో పేరు, పాస్‌పోర్టు నంబరు ఒక్కో అక్షరం సరిచూసుకున్నాం.

వీసా గురించి ఎక్కువ చెప్పను, నియమాలు మారుతుంటాయి. మన పాస్‌పోర్టుకి బ్రెజిల్ వీసా ముందే తీసుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, నా ఆఫీసు సెలవు ఉత్తరం, అక్క పెన్షన్ కాగితాలు జతచేశాం. ఒక ఏజెంటు డబ్బు వాపసు రాని టికెట్లు ముందే కొనమని ఒత్తిడి చేశాడు. కొనలేదు. రద్దు చేసుకోగలిగే బుకింగులతోనే పని జరిగింది. ఎవరు ఎంత తొందరపెట్టినా వీసా చేతికి రాకుండా డబ్బు పెట్టకండి.

టికెట్ల దగ్గర ఒక్కటే మాట. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా సావో పాలో, అక్కణ్ణుంచి దేశీయ విమానంలో సాల్వడార్. గల్ఫ్ నుంచి సావో పాలోకే పద్నాలుగు పదిహేను గంటలు పడుతుంది. మొత్తం ఒకే టికెట్ మీద తీసుకోవాలి. విడిగా దేశీయ టికెట్ కొందామని చూస్తే, కొన్ని వెబ్‌సైట్లు సీపీఎఫ్ అనే బ్రెజిల్ పన్ను నంబరు అడుగుతాయి. పైగా సావో పాలోలో ఇమ్మిగ్రేషన్ అయ్యాక సామాను మనమే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పజెప్పాలి. మధ్యలో కనీసం మూడు నాలుగు గంటలు లేకపోతే ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పరుగెత్తాల్సిందే. అక్కకి నడవడానికి వీలుగా నడవా పక్క సీటు, కాళ్ళు వాయకుండా బిగుతు మేజోళ్ళు చూసుకున్నాను.

ఎక్కడ ఉండాలన్నది మాకు చాలా చర్చ అయింది. సాల్వడార్ రెండు అంతస్తుల ఊరు. కొండ మీద ఎగువ ఊరు, కింద రేవు దగ్గర దిగువ ఊరు. రెంటినీ కలిపేది లసెర్దా ఎలివేటర్, 1873 నుంచి నడుస్తోంది, ఎత్తు 72 మీటర్లు. పెలోరిన్యో ఎగువ ఊళ్ళో ఉంది. రంగురంగుల పాత ఇళ్ళు, 1985 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న చోటు. అక్క అక్కడే ఉందామంది. కానీ వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచిన ఏటవాలు దారులు, ఆమె మోకాళ్ళకి రోజూ అది కష్టం. చివరికి బార్రా పేటలో, సముద్రం ఒడ్డున చదునుగా ఉండే చోట, వంటగట్టు ఉన్న చిన్న గది తీసుకున్నాం. బార్రాలో ఇంకో విశేషం ఉంది. బ్రెజిల్ తూర్పు తీరంలో ఉన్నా, సాల్వడార్ ఒక కొసలా సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. ఒకవైపు అట్లాంటిక్, ఇంకోవైపు వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడ్డ అఖాతం. అందుకే బార్రా లైట్‌హౌస్ దగ్గర నిలబడితే సూర్యుడు నీళ్ళల్లోకి దిగడం కనిపిస్తుంది. మా తీరంలో మేం పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ సూర్యుడు సముద్రంలోంచి లేవడమే చూశాం. ఈత రానివాళ్ళకి అఖాతం వైపున్న పోర్తో ద బార్రా బీచి నయం, అలలు మెత్తగా ఉంటాయి. అట్లాంటిక్ వైపు ఉధృతి ఎక్కువ.

వంటగట్టు ఎందుకు కావాలనుకున్నామో చెప్తాను. అక్క బయల్దేరేటప్పుడు చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుంటానంది. వద్దన్నాను, ఎందుకంటే సాల్వడార్‌లో కరెంటు 127 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కర్‌కి అక్కడ మూడో వంతు శక్తి కూడా అందదు, అన్నం ఉడకదు, నానుతుంది. ఫోను ఛార్జర్లకి ఇబ్బంది లేదు, అవి 100 నుంచి 240 దాకా తట్టుకుంటాయి. ప్లగ్గు పిన్నులు మాత్రం వేరు, అడాప్టర్ కొనుక్కోవాలి.

తిండి. అక్క శాకాహారి, చేప వాసన కూడా పడదు. సముద్రపు ఊరికి వెళ్తూ అదో బెంగ. కానీ చదివేకొద్దీ ఆ ఊరి తిండి మాకు దగ్గరవుతూ వచ్చింది. అక్కడి వీధుల్లో అకరజే అమ్ముతారు. బొబ్బర్లు నానబోసి, పొట్టు తీసి, ఉల్లిపాయ వేసి రుబ్బి, గారెల్లా వేయించేది. మనవైపు అలసంద గారెలు అనేవాళ్ళూ ఉన్నారు. నూనె మాత్రం దెందే, ఎర్రటి తాటి జాతి నూనె. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో వచ్చిన వంట అది, అక్కడ ఇయాన్సా దేవతకి నైవేద్యం కూడా. తెల్ల లేసు బట్టల్లో కూర్చుని దాన్ని అమ్మే ఆడవాళ్ళ వృత్తిని 2005లో బ్రెజిల్ జాతీయ వారసత్వంగా గుర్తించింది.

చిక్కల్లా లోపల పెట్టే వాటితోనే. వటపా అనే ముద్దలో, కరురు అనే బెండకాయ కూరలో ఎండురొయ్యలు కలుస్తాయి. పైన కూడా రొయ్యలు చల్లుతారు. అందుకని పోర్చుగీసులో ఒక అట్టముక్క మీద రాయించుకున్నాం: నేను శాకాహారిని, మాంసం, కోడి, చేప, రొయ్య ఏదీ తినను, వటపా, కరురు వద్దు, టమాటా, ఉల్లిపాయ ముక్కలు, కారం చాలు. మాంసం అని ఊరుకుంటే కోడిముక్క వచ్చే ప్రమాదం ఉంది, ఒక్కొక్కటీ విడిగా రాయడం మంచిది. అక్కడ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు తక్కువ, ఆ అట్ట మాకు ప్రతి పూటా పనికొచ్చింది. ఇవి కాక, కర్రపెండలం పిండితో అట్టులా పోసి కొబ్బరి, చీజ్ పెట్టే తపియోకా, అరటికాయతో చేసే మొకెకా అనే కూర, ప్లేటు తూకం వేసి డబ్బు తీసుకునే హోటళ్ళు ఉన్నాయి. మా అక్క ఆకలితో ఉండదని నాకు నమ్మకం కుదిరింది.

డబ్బు విషయంలో మన యూపీఐ లాంటిదే వాళ్ళకి పిక్స్ ఉంది, బండి మీద కొబ్బరిబోండాం అమ్మే మనిషి కూడా వాడతాడు. కానీ అక్కడి బ్యాంకు ఖాతా లేనివాళ్ళకి అది అంత సులువు కాదు. కార్డు చాలాచోట్ల నడుస్తుంది, కాసిని రెయాల నోట్లు దగ్గరుంచుకుంటే సరి. దొంగతనాల గురించి భయపెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను చెప్పేది ఇంతే: రోడ్డు మీద ఫోను చేతిలో పట్టుకుని నడవద్దు, గొలుసులు ఇంట్లో వదిలెయ్యండి, చీకటి పడ్డాక యాప్‌లో ట్యాక్సీ పిలవండి, ఎలివేటర్ కింద ఉన్న ఆఫీసుల పేటలో సాయంత్రాలు, ఆదివారాలు తిరగొద్దు, మనుషులుండరు.

ఏ వారం ఏమిటన్నది చూసుకోవడం అక్క పట్టుదల. సోమవారం చాలా మ్యూజియంలు మూసేస్తారు. మంగళవారం సాయంత్రం పెలోరిన్యోలోని నల్లవాళ్ళ రోజరీ మాత చర్చిలో ఆఫ్రికన్ డోళ్ళతో ప్రార్థన జరుగుతుంది. ఆ చర్చిని పద్దెనిమిదో శతాబ్దంలో నల్లజాతి సోదర సంఘం తమ సొంత శ్రమతో కట్టుకుంది. శుక్రవారం ఊళ్ళో చాలామంది ఒషాలా దేవుడి పేరున తెల్లబట్టలు కట్టుకుని బోన్‌ఫిమ్ చర్చికి వెళ్తారు. మేం మంగళవారం ఎగువ ఊరు, శుక్రవారం బోన్‌ఫిమ్ పెట్టుకున్నాం, ఇద్దరం తెల్ల చీరలు సర్దుకున్నాం. బంగారు తాపడాలతో పేరుపడ్డ సావో ఫ్రాన్సిస్కో చర్చిని మాత్రం జాబితాలోంచి తీసెయ్యాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాని పైకప్పు కొంత కూలి ఒక సందర్శకురాలు చనిపోయింది. మేం ప్లాన్ వేసుకునే సమయానికి అది మూసి ఉంది.

పిరాంజీ జీడిచెట్టు కూడా వదులుకున్నాం. నాటాల్ నగరం దగ్గర ఒకే చెట్టు రెండెకరాలకి దగ్గరగా పాకింది. పలాస మనుషులం, అది చూడకుండా ఎలా అని నాకు పీకింది. కానీ దానికి మళ్ళీ ఇంకో విమానం, ఇంకో ఊరు. ఉన్న రోజుల్లో ఒక్క ఊరే నిదానంగా చూడాలన్నది మా నిర్ణయం. రియోకి వెళ్ళి, మధ్యలో ఒక పూట సాల్వడార్ చూసొచ్చేలా ప్లాన్ వేసుకునేవాళ్ళని నేను గట్టిగా వారిస్తాను. బ్రెజిల్‌కి దాదాపు 48 లక్షల మంది ఆఫ్రికన్లని బానిసలుగా తెచ్చారు. అమెరికా ఖండాల్లో మరే దేశానికీ అంతమందిని తేలేదు. ఆ ఓడలు ఆగిన పెద్ద రేవుల్లో ఇదొకటి. 1888 దాకా అక్కడ బానిసత్వం చట్టబద్ధం. పెలోరిన్యో చౌకులో ఒకప్పుడు కొరడాదెబ్బల స్తంభం ఉండేది. 1835లో ముస్లిం ఆఫ్రికన్లు తిరగబడింది ఈ వీధుల్లోనే. ఇంత దుఃఖం మోసిన ఊరు ఇంత సంగీతం, ఇంత తిండి, ఇంత భక్తి ఎలా నిలబెట్టుకుందో అర్థం కావాలంటే ఒక పూట చాలదు.

వెళ్ళాక మా ప్లాన్ చాలావరకు నిలబడింది. అన్నీ చెప్పబోవడం లేదు, అకరజే ఒక్కటి చెప్తాను. రియో వెర్మెల్యోలో పొద్దుగూకాక ఒకావిడ బండి దగ్గర నిలబడ్డాం. ఆవిడ పొడుగాటి కొయ్య గరిటెతో పిండిని గిన్నె అంచుకేసి కొట్టి కొట్టి గిలక్కొడుతోంది. పిండి తెల్లగా నురగలా పొంగాక, గరిటె మీదికి తీసుకుని చెంచాతో గుండ్రంగా చేసి నూనెలోకి జార్చింది. దెందే నూనె ఎర్రగా, ఘాటుగా, కాస్త మట్టివాసన కలిసినట్టు ఉంది. అక్క రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా వంగి చూస్తూ, "గాలి బాగా పట్టించింది చూడే, మనమే సరిగ్గా గిలక్కొట్టం" అంది. నేను అట్ట చూపించాను. ఆవిడ చదివి, తలూపి, గారెని చీల్చి టమాటా ముక్కలు, కారం పెట్టి కాగితంలో చుట్టి అక్క చేతిలో పెట్టింది. దెందే కొత్తవాళ్ళకి పొట్టలో బరువుగా ఉంటుందని ముందే చదివి ఉన్నాం, అందుకని మొదటిరోజు ఒకటే పంచుకున్నాం.

గాంధీ బృందం కార్యాలయం కూడా చూశాం. అక్క అక్కడ చాలాసేపు నిలబడిపోయింది, నేను తొందరపెట్టలేదు.

అక్కడి జీడిపిక్కలు నాలుగు తెచ్చి మా తోటలో నాటాలని అక్కకి ఆశ. విదేశీ విత్తనాలు అనుమతి లేకుండా దేశంలోకి తేకూడదు, తోటలకి కొత్త తెగుళ్ళు అంటుకునే ప్రమాదం ఉంది. ఉద్దానం రైతు బిడ్డకి ఆ సంగతి వివరించి చెప్పక్కర్లేదు, తనే మానేసింది. హైదరాబాద్‌లో దిగాక హెల్త్ కౌంటర్ దగ్గర పసుపు కార్డులు చూపించాం. చూసి పంపించేశారు.

ఇప్పుడు అక్క చూపు కషోయిరా మీద ఉంది. సాల్వడార్‌కి వంద కిలోమీటర్లు దాటాక పరగ్వాసు నది ఒడ్డున చిన్న ఊరు. ఆఫ్రికన్ సంతతి ఆడవాళ్ళే నడుపుకునే బోవా మోర్తె అనే భక్త సంఘం అక్కడుంది, ఏటా ఆగస్టు మధ్యలో ఉత్సవం చేస్తారు. ఆగస్టుకి వానలు నెమ్మదిస్తాయి, టీకా కార్డు ఎలాగూ ఉంది. ఊరు చిన్నది కాబట్టి గదులు మాత్రం చాలా ముందే పట్టుకోవాలి, ఆ పని మొదలుపెట్టాను.